బానెట్ కింద పరాయి ఇంజన్

బానెట్ ఎత్తగానే డిటెక్టివ్ రెండడుగులు వెనక్కి వేసింది.

ఎలుకల పెంట, కుళ్లిన రబ్బరు, ఏళ్ల తరబడి మురిగి జిగురైపోయిన పెట్రోలు. వాసన కాదది, చెంపదెబ్బ. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె శవాలను చూసింది, శవాల కన్నా కంపు కొట్టే మనుషుల్నీ చూసింది. అయినా ముక్కు మాత్రం అలవాటు పడలేదు. క్రైమ్ బ్రాంచిలో ఆమెకు వెనకాల పెట్టిన పేరు ముక్కావిడ. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమెకు ఆ పేరు తెలుసన్న సంగతి కూడా ఎవరికీ తెలీదు.

"ఇదీ మేడమ్ వరస!" అన్నాడు మెకానిక్, తన సొంత మేడ చూపిస్తున్నంత గర్వంగా. పేటలో అందరూ అతన్ని లొడలొడ అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. "కారేమో జమీందారు, ఇంజనేమో కూలీ. ఇది కారు ఇంజన్ కాదు. సరుకులు మోసే వ్యాన్‌ది. మౌంటింగులు సరిపోక కోసి అతికించారు. ఆ వెల్డింగ్ చూశారా, పిచిక గూడులా ఉంది! నేను గనక చేసి ఉంటే..."

"నంబరు?" అంది డిటెక్టివ్.

మెకానిక్ నోరు మూసుకుని టార్చి వేశాడు. ఇంజన్ పక్కన నంబరు ఉండాల్సిన చోట ఇనుము నున్నగా ఉంది. గ్రైండర్ పెట్టి అరగదీశారు. ఆ గీతల్లో తుప్పు గట్టిగా పట్టుకుంది కాబట్టి నిన్నామొన్నటి పని కాదు.

షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ అమ్మాయికి పంతొమ్మిదేళ్లుంటాయి. కేసు పెట్టింది తనే. ఆమెకు ఏడేళ్లప్పుడు తండ్రి మాయమయ్యాడు. ఆయన సొంత వ్యాన్‌లో సరుకులు తోలేవాడు. ఒకరోజు తెల్లవారుజామున వ్యాన్‌తో సహా పోయాడు. ఎవరో ఆడదానితో లేచిపోయాడని బాబాయి చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ అదే రాసుకుని ఫైలు మూసేశాడు. వ్యాన్ దొరకలేదు, మనిషీ దొరకలేదు. నాయనమ్మ పోయాక పెరట్లోని ఈ షెడ్డూ, తాతగారి పాత కారూ ఆ అమ్మాయి వాటాకి వచ్చాయి. ఎప్పటికైనా ఈ కారు నడిపిస్తానని తండ్రి ఆమెతో అంటుండేవాడట. పోనీ నేనే నడిపిస్తానని మెకానిక్‌ను పిలిపించింది. పిలిపించి, బానెట్ కింద ఒక రంగు చూసి, ఆ రాత్రి నిద్రపోలేదు.

"ఆ రంగు ఎక్కడ?" అడిగింది డిటెక్టివ్.

అమ్మాయి దగ్గరికొచ్చి, ఇంజన్ పైమూత మీద గుడ్డతో రుద్దింది. నల్లటి జిడ్డు కింద నుంచి చిలకాకుపచ్చ బయటపడింది. ఏ కంపెనీ వాడూ ఇంజన్‌కు వేయని రంగు.

"నా మూడు చక్రాల సైకిలుకి నాన్న వేసిన పెయింటు. డబ్బాలో కొంచెం మిగిలితే వ్యాన్ ఇంజన్ మూతకి వేశాడు. 'నీ బండీ నా బండీ అక్కాచెల్లెళ్లే' అన్నాడు." ఆమె గొంతు వణకలేదు. అదే డిటెక్టివ్‌కు బాధ కలిగించింది. ఆ వయసు పిల్ల గొంతు ఇలాంటి మాట చెప్పేటప్పుడు వణకాలి.

"సైకిలు ఉందా?"

"అటక మీద. నిన్న దించి పక్కపక్కన పెట్టి చూశాను."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"చెప్పాను. 'లేచిపోయినవాడి కూతురివి, నీకు ఊహలు ఎక్కువ' అన్నాడు. పళ్లు కుట్టుకుంటూ అన్నాడు. ఆ పుల్ల తీసి చూసుకుని మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు."

డిటెక్టివ్ ముక్కు చిట్లించింది. ఎలుకల పెంట వల్ల కాదు.

*

బాబాయి ముందుగదిలో అద్దంలా మెరిసే బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తెల్లటి చొక్కా, తలకు నూనె, ఒంటినిండా సెంటు. ఆ సెంటు గుమ్మం దాకా వచ్చి పలకరించింది. వాహనాల విడిభాగాల దుకాణం అతనిది. మాట తీరు మాత్రం మిఠాయి కొట్టువాడిది.

"రండి తల్లీ, కూర్చోండి. మా చిట్టితల్లి మిమ్మల్ని శ్రమపెడుతోంది. ఏం చేస్తాం, తండ్రి లేని పిల్ల. నా కళ్లలో పెట్టుకుని పెంచాను." కళ్లు తుడుచుకున్నాడు. చేతి రుమాలు పొడిగానే తిరిగి జేబులోకి వెళ్లింది.

"ఆ కారు ఎప్పటినుంచి కదల్లేదు?"

"మా నాన్న పోయినప్పటి నుంచీ. దాని ఇంజన్ అప్పటికే పగిలిపోయింది. అన్నయ్య మమ్మల్ని వదిలి పోవడానికి నాలుగైదేళ్ల ముందు సంగతది."

"ఆ తర్వాత ఎవరైనా ముట్టుకున్నారా?"

"అబ్బే! షెడ్డు తాళం ఎప్పుడూ నా మొలకే. ఈగ కూడా దూరలేదు."

"మీ అన్నయ్య వెళ్లిన రోజు మీరేం చూశారు?"

"ఇంకా చీకటిగానే ఉంది. వ్యాన్ వీధి చివర మలుపు తిరగడం నా కళ్లారా చూశాను. పక్కన ఎవరో ఆడమనిషి. చిట్టి కూడా వ్యాన్ చప్పుడు విన్నానని చెప్పింది కదా. పసిపిల్ల అబద్ధం ఆడుతుందా?"

ఇదీ అతని ధైర్యం. ఏడేళ్ల పిల్ల మాటను పన్నెండేళ్లుగా గొడుగులా పట్టుకు తిరుగుతున్నాడు.

"అయితే ఒక చిక్కుంది. మీ అన్నయ్య తోలుకుపోయిన వ్యాన్ ఇంజన్, మీరు తాళం వేసిన షెడ్డులో, మీరు ఈగను కూడా రానివ్వని కారులో ఉంది."

బాబాయి నవ్వాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాడి నవ్వు. "అలాంటి ఇంజన్లు లోకంలో వేలున్నాయి తల్లీ. నా షాపులోనే పది చూపిస్తాను. నంబరు లేని ఇంజన్‌ని ఫలానావాడిదని మీరెలా చెప్పగలరు?"

డిటెక్టివ్ తొందరపడలేదు. టీ కప్పును పక్కకు జరిపింది. అందులో ఒక చీమ ఈదుతోంది.

"నంబరు లేదని మీకెవరు చెప్పారు?"

గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడని అతనికి అప్పుడు తెలిసింది. మొహంలో రంగులు మారాయి. నుదుటి మీద నూనే చెమటా కలిసిపోయాయి.

"అదీ... చిట్టి చెప్పిందేమో..."

"చిట్టికి నంబరు ఎక్కడుంటుందో కూడా తెలీదు. నంబరు సంగతి నాకూ మెకానిక్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. మేం చూసి పావుగంట కాలేదు, అప్పట్నుంచీ వాళ్లిద్దరూ షెడ్డు దాటలేదు."

"అయితే... పాత ఇంజన్లకి మామూలుగా ఉండదు కదా, అందుకని..."

"ఆలోచించుకోండి. మంచి అబద్ధం దొరికాక పిలవండి."

ఆమె గుమ్మం దాటుతుండగానే లోపల ఫోన్ తీసిన చప్పుడైంది. ఎవరికి చేస్తున్నాడో చూడటానికి ఆమె వెనక్కి తిరగలేదు. ఆ వచ్చేవాడు తనంతట తానే వస్తాడు.

*

షెడ్డులో మెకానిక్ బోర్లా పడుకుని కారు కిందికి దూరి ఉన్నాడు. బయటికి కాళ్లూ మాటలూ మాత్రమే వస్తున్నాయి.

"ఈ గచ్చు ఎవడు చేశాడో గానీ వాడికి తాపీ పట్టుకోవడం రాదు మేడమ్! మధ్యలో బొడిపెలు. వీపు చీరుకుపోతోంది. అసలు ఇలాంటి షెడ్డుకి ఒక సర్వీసు గుంట ఉండాలి. కింద నిలబడి పని చేసుకోవచ్చు. పాతకాలం వాళ్లు బుద్ధిమంతులు, తప్పకుండా తవ్వించుకునేవాళ్లు. ఇక్కడెందుకో లేదు."

డిటెక్టివ్ ఆ మాట వింటూనే కారు వెనక బంపరు దగ్గరికెళ్లింది. బంపరు మధ్యలో లోపలికి నొక్కుకుపోయి ఉంది. సరిగ్గా దాని వెనక గోడ మీద, అంతే ఎత్తులో, సిమెంటు పెచ్చు లేచి ఉంది. కారు ముక్కు వాకిలి వైపు ఉంది. అంటే ఎవరో ఈ కారుని ముందుకు పోనిద్దామనుకున్నారు. అది వెనక్కి దూకి గోడను గుద్దింది. ఇంజన్ పగిలి మూలపడ్డ కారు ఎలా దూకుతుంది?

మెకానిక్ పాక్కుంటూ బయటికొచ్చాడు. జుట్టునిండా సాలెగూళ్లు. "మేడమ్, ఇంకో తమాషా. ఇంజన్‌తో పాటు వ్యాన్ గేరుబాక్సు కూడా దింపేశారు. రాడ్లు తలకిందులుగా బిగించారు. గేరు నాబ్ మీద బొమ్మలో ఫస్టు గేరు అని ఉన్నచోట రివర్స్ పడుతుంది. రివర్స్ అని ఉన్నచోట ఫస్టు. ఎరగనివాడు ఎక్కితే గోడే!"

డిటెక్టివ్ గోడ మీది పెచ్చు వైపు మళ్లీ చూసింది.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఇప్పుడేగా తెలిసింది."

"అయితే ఇక్కడితో మర్చిపో. నీ జన్మలో ఒక్కరోజు నోరు కట్టుకో. కట్టుకుంటావా?"

అది తనకెంత పెద్ద శిక్షో అతని మొహమే చెప్పింది. అయినా తలూపాడు.

ఇంజన్ పట్టేసి ఉంది కాబట్టి నిన్ననే ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి ఉంచాడు. ఇప్పుడు పెద్ద పానా తగిలించి, పళ్లు బిగబట్టి తిప్పాడు. మొదట మొండికేసింది. తర్వాత వెంట్రుకవాసి కదిలింది. తర్వాత మూలుగుతూ ఒక చుట్టు తిరిగింది. ఎయిర్ ఫిల్టరు విప్పితే ఎలుక గూడు, గూడులో ఎండిపోయిన పిల్లలు. కార్బురేటరు అడుగున పెట్రోలు బెల్లంపాకంలా గడ్డకట్టి ఉంది. దాన్ని గీకి, సన్నటి తీగతో జెట్లు పొడిచి, పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్ది, పొగగొట్టంలో కందిరీగలు కట్టిన మట్టిగూడు పొడిచి రాల్చాడు. పెట్రోలు ట్యాంకు మూత తీయగానే డిటెక్టివ్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

"ట్యాంకు పనికిరాదు మేడమ్. సీసాలో పెట్రోలు పోసి పైనుంచి కడతాను. రేడియేటరూ కారుతోంది. నడిస్తే కాసేపే."

"కాసేపు చాలు."

ఆమె అమ్మాయిని పక్కకు తీసుకెళ్లింది. "చిన్నప్పుడు నువ్వు పడుకున్న గది ఏది?"

"అదిగో, పెరటి వైపు కిటికీ ఉన్నది."

"ఆ గదిలోకెళ్లి కిటికీ తీసి పడుకో. కళ్లు మూసుకుని విను. మేం ఆపేశాక రా. ఏం చెప్పాలో నేను చెప్పను. నువ్వు విన్నది నువ్వు చెప్పు."

*

అమ్మాయి లోపలికెళ్లిందో లేదో జీపు వాకిట్లోకి వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. నోట్లో పళ్లపుల్ల. మనిషి కన్నా ముందు పొట్ట షెడ్డు వాకిలి దాకా వచ్చి ఆగింది. వెనకాల బాబాయి, తేలు కుట్టిన దొంగలా నిశ్శబ్దంగా. జీపు నడిపే నెరిసిన జుట్టు కానిస్టేబులు బండి దగ్గరే నిలబడ్డాడు.

"క్రైమ్ బ్రాంచికి పనులు తగ్గాయా మేడమ్? పాత ఇనుము కొంటున్నారట?"

"కొనడం లేదు. తుప్పు ఎక్కడ మొదలైందో చూస్తున్నాను."

"నా ఏరియాలో, నేను మూసిన కేసు. నాకొక్క మాట చెప్పాలన్న మర్యాద లేదా?"

"మీరు కేసు మూసేముందు ఈ షెడ్డు చూశారా?"

"ఎందుకు చూడాలి? వాడు వీధిలోంచి పోయాడు, షెడ్డులోంచి కాదు. ఈ షెడ్డులో నేను అడుగు కూడా పెట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఇదే మొదటిసారి." పుల్ల తీసి, దాని కొన చూసుకుని, గచ్చు మీద విసిరాడు. "మగాడు ఇంకొకదాన్ని తగులుకుని పోయాడు. లోకంలో కొత్తా? దానికి పన్నెండేళ్ల తర్వాత ఎలుకల బొక్కలు కెలకడం ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"ఆ ఆడమనిషి ఎవరు?"

"ఏ ఆడమనిషి?"

"తగులుకున్నది. పేరేమిటి, ఎక్కడుండేది, ఆమె ఇంటివాళ్లు ఫిర్యాదు ఇచ్చారా? ఒక ఆడమనిషి మాయమైతే వెతికేవాళ్లు ఒక్కరూ లేరా?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఇంకో పుల్ల తీశాడు.

"మీరు ఉద్యోగంలో చేరిన కొత్తలో పోలీసు బళ్ల రిపేరు సెక్షన్లో ఉన్నారట కదా?" అందామె, మాట మార్చినట్టు.

"ఉంటే?"

"ఏం లేదు. మెకానిక్ ఈ వెల్డింగ్ చూసి తిడుతున్నాడు. మీరైతే ఏమంటారో అని."

ఇన్‌స్పెక్టర్ కళ్లు ఒక్క క్షణం బానెట్ వైపు పోయి వచ్చాయి. డిటెక్టివ్ చెయ్యి ఊపింది. మెకానిక్ కొత్త బ్యాటరీ తీగలు తగిలించి తాళం తిప్పాడు.

మొదటిసారి దగ్గు. రెండోసారి దగ్గూ, తుమ్మూ, పొగగొట్టంలోంచి మట్టి. మూడోసారి ఇంజన్ అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. నల్లటి పొగ తెరలా లేచింది. దాని నడకలో ఒక కుంటితనం ఉంది. మూడు దెబ్బలు సమంగా, నాలుగోది కాస్త ఆలస్యంగా. బాబాయి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. పొగకి ముక్కు మూసుకునేవాళ్లను చూసింది గానీ, చెవులు మూసుకునేవాడిని డిటెక్టివ్ ఎన్నడూ చూడలేదు.

కాసేపయ్యాక మెకానిక్‌కు సైగ చేసింది. ఇంజన్ ఆగిపోయింది.

అమ్మాయి వచ్చింది. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"అదే చప్పుడు," అంది. "నాన్న బండిది. ఆ రోజు విన్నది."

ఇన్‌స్పెక్టర్ పెద్దగా నవ్వాడు. "చూశారా? నేను రాసిందీ అదేగా! పిల్ల వ్యాన్ చప్పుడు విన్నది, వాడు పోయాడు. అంతే."

"ఆగండి," అంది డిటెక్టివ్. అమ్మాయి వైపు తిరిగి మెల్లగా అడిగింది. "మామూలు రోజుల్లో నాన్న పనికి వెళ్తుంటే ఆ చప్పుడు ఎలా వినపడేది?"

"వాకిట్లోంచి వీధిలోకి వెళ్లేది. దూరమై దూరమై... వంతెన దాటాక వినపడేది కాదు."

"ఆ రోజు?"

అమ్మాయి ఆలోచించింది. ఆలోచిస్తున్నకొద్దీ ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "చాలాసేపు అలాగే ఉంది. ఇంతే గట్టిగా. ఇటువైపు నుంచే. తర్వాత... ఇప్పుడు మీరు ఆపినట్టే. టక్కున ఆగిపోయింది." ఆమె బాబాయి వైపు తిరిగింది. "అది దూరం వెళ్లలేదు బాబాయ్. నాన్న బండి అసలు గేటే దాటలేదు."

బాబాయి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"నన్నెవరూ అడగలేదు," అందా పిల్ల. "చప్పుడు విన్నావా అని అడిగారు. విన్నానన్నాను. ఎలా ఆగిందో ఎవరూ అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ ఇక నవ్వలేదు. గొంతులోకి అధికారం తెచ్చుకున్నాడు. "సరే. ఇది అనుమానాస్పద వాహనం. నా స్టేషన్ పరిధిలో ఉంది. నేను స్వాధీనం చేసుకుంటున్నాను. రేపు మీకు కాగితాలు పంపిస్తాను మేడమ్, కావలిస్తే అక్కడికొచ్చి చూసుకోండి."

అతని స్టేషన్‌కి చేరిన ఇంజన్ తెల్లారేసరికి ఏ కొలిమిలో ఉంటుందో ఆమెకు తెలుసు. మెకానిక్ ఏదో అనబోయాడు. డిటెక్టివ్ అతని కాలు తొక్కింది.

"మీ పరిధి, మీ ఇష్టం," అందామె. "బండి నడుస్తోంది కదా. మీరే తీసుకెళ్లండి."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. కానీ తొందర అనుమానాన్ని మింగేసింది. ఎలుకలు కొరికిన సీటు మీద పాత సంచి పరుచుకుని ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఇంజన్ మళ్లీ అందుకుంది. అతని ఎదురుగా వాకిలి, వెనక గోడ. క్లచ్ తొక్కాడు. చెయ్యి గేరు నాబ్ మీదికి వెళ్లింది.

ఎరగనివాడైతే నాబ్ మీద బొమ్మ చూసి ఫస్టు గేరు వైపు తోస్తాడు. గోడను గుద్దుతాడు.

ఇన్‌స్పెక్టర్ నాబ్ వైపు చూడనేలేదు. లివర్‌ని తనవైపు లాగి, రివర్స్ అని రాసి ఉన్న మూలకు కిందికి దింపాడు. కారు మెత్తగా, బుద్ధిగా, ముందుకు కదిలి షెడ్డు దాటి పెరట్లోకి వచ్చింది.

"అమ్మనీ!" అని అరిచాడు మెకానిక్. అంతకన్నా ఎక్కువసేపు అతని వల్ల కాలేదు. "ఆయనకెలా తెలుసు మేడమ్? నాకే ఇందాక తెలిసింది!"

డిటెక్టివ్ కారుకి అడ్డంగా వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ చెయ్యి తీయకండి. ఆ చోట నాబ్ మీద ఏం రాసుందో ఒకసారి పైకి చదవండి."

అతను కిందికి చూశాడు. చూసినవాడు తల ఎత్తలేదు.

"పుట్టినప్పటి నుంచి ఈ షెడ్డులో అడుగు పెట్టలేదన్నారు. పెట్టడమే కాదు, ఈ కారు నడిపారు. మొదటిసారి తెలీక గోడను గుద్దారు. ఆ గుద్దు మీ మెదడు మర్చిపోయినా చెయ్యి మర్చిపోలేదు. వ్యాన్‌ని ఇక్కడే విప్పి ముక్కలుగా దుకాణంలో అమ్మేసి ఉంటారు. కానీ దాని ఇంజన్ పెట్టి మరీ ఈ చచ్చిన కారుని కదిలించాల్సిన అవసరం ఏమొచ్చింది? మూలనున్నదాన్ని తీసుకొచ్చి దేనిమీద నిలబెట్టారు?"

అందరి కళ్లూ ఒక్కసారే షెడ్డులోకి తిరిగాయి. ఇన్నేళ్లూ కారు కింద ఉన్న నేల మొట్టమొదటిసారి వెలుగులోకి వచ్చింది. చుట్టూ పాత నల్లగచ్చు. మధ్యలో పొడుగాటి బూడిదరంగు సిమెంటు, బొడిపెలు బొడిపెలుగా, మనిషి పొడుగు కన్నా కాస్త ఎక్కువ.

"ఇక్కడ గుంట ఉండాలి," అంది అమ్మాయి. "నాన్న బండి కింద నిలబడి పని చేసుకునే గుంట. అటు పోవద్దని నన్ను కసిరేవాడు." ఆమె నడిచి వెళ్లి ఆ సిమెంటు అంచు దగ్గర ఆగింది. "బాబాయ్, ఇలా రా."

బాబాయి కదల్లేదు.

"నా కళ్లలో పెట్టుకుని పెంచానంటావుగా. నేను పిలుస్తున్నాను. వచ్చి దీనిమీద నిలబడు."

అతను రెండడుగులు వేశాడు. మూడోది పడలేదు. గోడ పట్టుకుని అక్కడే చతికిలపడ్డాడు. సెంటు వాసనలోంచి పుల్లటి చెమట కంపు లేచింది.

"నేను కొట్టలేదు తల్లీ! ఒట్టు! కొట్టింది ఇన్‌స్పెక్టర్ గారే. పానాతో. రాత్రిళ్లు అన్నయ్యకి చెప్పకుండా వ్యాన్‌లో దొంగసరుకు తోలేవాళ్లం. అన్నయ్య కనిపెట్టేశాడు. పై అధికారులకు చెప్పేస్తానన్నాడు. మాటా మాటా పెరిగింది. గుంటలో పడిపోయాడు..."

"నోరు ముయ్యరా!" కారులోంచి ఇన్‌స్పెక్టర్ అరుపు ఇంజన్ రొదలో సగమే వినపడింది. రేడియేటరు చిట్లి ఆవిరి బుస్సుమని లేచింది. ఇంజన్ ఎగశ్వాస తీసి ఆగిపోయింది. అతను తలుపు తోసుకుని దిగి జీపు వైపు తిరిగాడు. ఎవరూ చెప్పకుండానే నెరిసిన జుట్టు కానిస్టేబులు జీపుని గేటుకి అడ్డంగా పెట్టి, తాళం తీసి జేబులో వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పక్కకు తియ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అంతా విన్నాను సార్," అన్నాడతను.

డిటెక్టివ్ బాబాయి ముందు మోకాలి మీద కూర్చుంది. అంత దగ్గరగా కూర్చోవడానికి ఆమె ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

"ఒక్కటి చెప్పండి. పడిపోయాడు, అయిపోయింది. మరి వ్యాన్ ఎందుకు స్టార్ట్ చేశారు? అది ఎక్కడికీ పోలేదు కదా. అంతసేపు గుంట మీద నిలబెట్టి ఎందుకు నడిపారు?"

బాబాయి రుమాలుతో మొహం దాచుకున్నాడు.

"చెప్పండి."

"అయిపోలేదు," అన్నాడతను నేలకేసి చూస్తూ. "ఇంకా ప్రాణం ఉంది. మూలుగుతున్నాడు. పిలుస్తున్నాడు. ఇంట్లోవాళ్లు లేస్తారని... ఆ చప్పుడులో వినపడదని ఆయనే అన్నాడు... ఆపేదాకా... అన్నయ్య పిలవడం ఆపేదాకా..."

మెకానిక్ గోడవైపు తిరిగి డోకుకున్నాడు. డిటెక్టివ్ లేచి నిలబడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఈ షెడ్డులో దేన్ని ముట్టుకున్నా అంటుకునేలా ఉంది.

"ఎవర్ని పిలిచాడు?" అంది అమ్మాయి.

బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"ఎవర్ని పిలిచాడు బాబాయ్?"

"నిన్నే," అన్నాడు.

ఆ పిల్ల సిమెంటు పక్కన నేలమీద కూర్చుంది. అరచెయ్యి ఆ బొడిపెల మీద ఆనించింది. ఆమె గొంతు మొట్టమొదటిసారి వణికింది.

"నాన్న పనికి వెళ్తున్నాడనుకున్నాను మేడమ్. ఆ చప్పుడు వింటూ దుప్పటి లాక్కుని మళ్లీ నిద్రపోయాను."